నల్ల

టూరు కాగితంలో ఎనిమిదో రోజుకి ఎదురుగా
'మీ ఇష్టం' అని మాత్రమే రాసుంది.
మిగతావాళ్ళంతా మాంచెస్టర్‌లో స్వెట్టర్ల బేరానికి పోతే
నేనూ సౌదామిని గారూ పసుప్పచ్చ ట్రామెక్కి
అది ఇక కదలనని ఆగిపోయేదాకా కూర్చున్నాం.
ఆగిన ఊరి పేరు బరీ.

వాన. మన వానలా ఒక్క దెబ్బ కొట్టి పోయేది కాదు.
అప్పు అడగలేక గుమ్మంలో నిలబడ్డవాడిలా
ఊరికే ఉండిపోయే వాన.
సంత రేకుల కిందికి దూరాం.

ఒక అంగడి ముందు మనుషులు బారు కట్టారు.
ఆవిర్లు కక్కే నీళ్ళ తొట్టిలో
గుర్రపు నాడాల్లా వంగిపోయి
నల్లగా, నిగనిగా ఏవో తేలుతున్నాయి.
"వంకాయలేనంటావా?" అన్నారు సౌదామిని గారు ఆశగా.
పాపం, వారం రోజులుగా ఆవకాయా బిస్కెట్లే ఆవిడకి.

అంగడామె, ఏప్రను మీద మోరీన్ అని కుట్టుంది,
మా వాలకం చూసి పటకారు ఆపింది.
"ముందే చెప్తున్నా, ఇది రక్తం.
పంది రక్తం, కొవ్వు, బార్లీ గింజలు.
దూరం నుంచి వచ్చినవాళ్ళు వినగానే పరుగే."
సౌదామిని గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని
రెండంగళ్ళ అవతల టీ కప్పుల దగ్గర తేలారు.

పేరేంటన్నాను.
బ్లాక్ పుడ్డింగ్ అంది.

వీళ్ళకీ ఆ మాట నోట రాలేదన్నమాట.
రంగు వెనక దాచుకున్నారు, మాలాగే.
ఆదివారం తెల్లారకముందే ఎల్లవ్వ నన్ను లేపి
సత్తుగిన్నె చేతిలో పెట్టి
"నల్ల పట్టుకరా పో బిడ్డా.
ఉప్పుగల్లు ఏసుడు మర్వకు. తొణకనియ్యకు."
మాది మేకది. అంతే తేడా.
హుజూరాబాద్ సందుల్లో అడుగులో అడుగు వేసుకుంటూ,
చలికాలం,
గిన్నె పట్టుకున్న చేతికొక్కదానికే వెచ్చన.

మోరీన్ ఒకటి నిలువునా చీల్చి
కాగితం పళ్ళెంలో పెట్టి ఆవముద్ద పక్కన రాసింది.
ఎడమచేతికి అదే వెచ్చన.

మొదట మిరియం. తర్వాత ఏదో ఆకు, పుదీనాకి దూరపు చుట్టం.
కొవ్వు ముక్క కరిగాక, అడుగున, నాలిక మీద ఇనుము.
పచ్చిమిర్చి లేదు. కొత్తిమీర అసలే లేదు.
మా పొయ్యి మీద చిటపటలాడే ఆవాలు
ఇక్కడ మెత్తగా నూరుకుపోయి ముక్కులోకెక్కాయి.
కళ్ళనీళ్ళకి కారణం అదే అనుకోండి.

ఇరవైరెండేళ్ళు బీమా ఆఫీసులో
సోమవారం డబ్బా మూత సగమే తీసి తిన్నదాన్ని.
ఏం కూరమ్మా అంటే
వంకాయ వేపుడు.
కాలంతో పనిలేని వంకాయ, ఎండల్లోనూ వంకాయే.
ఎదురుగా ఒంటిపూట ఉండే సౌదామిని గారు
అరటిపండు ఒలుచుకుంటూ తలూపేవారు.

"ఇది మా ఇంట్లోనూ వండుతాం" అన్నాను మోరీన్‌తో.
అంత గట్టిగా ఎందుకన్నానో తెలీదు.
బారులో వెనకున్న ముసలాయన కూడా తలెత్తాడు.
పిడుగేం పడలేదు.
"అవునా? ఉల్లిపాయ వేస్తారా?" అంది మోరీన్,
చిల్లర లెక్కపెడుతూ.
వేస్తాం. చాలా వేస్తాం.

సౌదామిని గారు తిరిగొచ్చారు, కప్పేమీ కొనకుండా.
కొంగు అడ్డం ఉన్నా ఒకసారి గాలి పీల్చారు,
మళ్ళీ ఇంకోసారి.
"ఈ వాసన నాకెక్కడో తెలుసే" అన్నారు.

నోటినిండా ముద్ద.
"వంకాయండీ" అన్నాను.

ఆవిడ నా మొహం వైపు చాలాసేపు చూశారు.
పళ్ళెం వైపు చూశారు.
"కాలం కాని కాలంలో," అని
కొంగు దించి, నా మూతికంటిన ఆవముద్ద
దాంతోనే తుడిచారు.

ట్రాముకి ఇంకా పదకొండు నిమిషాలుంది.