రూఫ్ కొట్టి చూడటం

ఘుగ్గుస్‌లో నా దుకాణం అద్దం మీది బొగ్గు దుమ్ము
రోజుకు రెండుసార్లు తుడుస్తాను.
మొబైల్ రిపేరు, రీచార్జి,
మెమరీ కార్డులో పాటలెక్కిస్తే ఇరవై రూపాయలు.

"మూడో షిఫ్టు" ముందు నా దగ్గరికే వచ్చింది.
ముగ్గురు పిల్లలు, తొమ్మిది పాటలు.
ఓదెలు తెలుగులో. చనిపోయిన తాత పేరే వాడికి.
సుమేధ్ ఖోబ్రాగడే వర్హాడీ మరాఠీలో.
సుగంధ ఆత్రం గోండీలో, ఎక్కడ ఊపిరి తీస్తుందో తెలియకుండా.
మైను మూతపడ్డాక ఖాళీ అయిన క్వార్టరు,
గోడలకు చలికాలపు బొంతలు,
ఫ్యాను ఆపితేనే రికార్డింగు.
అది ఏప్రిల్. చంద్రపూర్ జిల్లా ఏప్రిల్.
నాలుగో పాటలో టప్పుమన్నది డ్రమ్ము కాదు,
సుమేధ్ గడ్డం నుంచి మైకు మీద పడ్డ చెమట.
తీసేయలేదు.

తర్వాత తీర్పులు మొదలయ్యాయి.
పూణే ఆయన: మరాఠీ నిప్పు,
మిగతాది అర్థం కాలేదు గానీ వాతావరణం ఉంది,
రెండో పాట శిఖరం. ఐదుకు మూడున్నర.
హైదరాబాదు ఆయన: ఇదేం తెలుగు,
క్రియలన్నీ మరాఠీ దగ్గర అప్పు తెచ్చినట్టున్నాయి.
అప్పు కాదన్నా, పక్కింటి చక్కెర.
గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వం, అంతే.
గోండీ గురించి ఎవ్వరూ ఒక్క ముక్క రాయలేదు.
సుగంధ నవ్వి, నా దగ్గర ఇయర్‌ఫోన్లు కొనుక్కుని వెళ్లింది.
ఇంకొకాయన మాత్రం,
"అసలు సిసలు అండర్‌గ్రౌండ్" అన్నాడు.

ఆ మాట ఓదెలు చదివి వినిపిస్తే
వాళ్లమ్మ తండ్రి రాజలింగు అడిగాడు:
"ఎన్ని ఫీట్లు?"

ముప్పై ఒక్కేళ్లు ఆయన పని అదే.
అందరికంటే ముందు లోపలికి పోయి
సలాకతో రూఫ్ కొట్టి వినడం.
ఖంగుమంటే కూలీలను పిలవాలి,
బొళ్లుమంటే వెనక్కి రావాలి.
ఇప్పుడు నా స్టూలు మీద కూర్చుని, చెవి స్పీకరుకు ఆనించి,
తొమ్మిదీ విన్నాడు. మధ్యలో బీడీ కూడా వెలిగించలేదు.
గోండీ పాటకు తల ఊపాడు, ఆయనకు గోండీ వచ్చు.
చివరికి వేలితో కౌంటరు మీద రెండుసార్లు కొట్టి,

"రెండోది బోలుగుంది బిడ్డా.
మీ తాత రూఫ్ కూలి సావలే.
ఎక్స్‌రే కవరు సంకల పెట్టుకొని
పదకొండు నెలలు లైన్ల నిలవడ్డడు.
నీ పాటల ఉరిమినట్టు సచ్చిండు.
గట్ల సచ్చే యోగం సుత దొరకలే ఆయనకు."

ఓదెలు ఏమీ అనలేదు. బండి స్టార్టు చేశాడు,
ఆపాడు, మళ్లీ స్టార్టు చేశాడు.

పది రోజులకు కొత్త ఫైలు తెచ్చాడు.
ఉరుములు లేవు, బాంబు లేదు.
కవరు చప్పుడు, లైను కదిలినప్పుడు చెప్పుల చప్పుడు,
"రేపు రా" అని మూడు భాషల్లో మూడు గొంతులు.
పూణేకు మళ్లీ పంపమన్నాను.
వాళ్లకు శిఖరం దొరికింది కదా, ఉండనీ అన్నాడు.

నా దగ్గర రెండూ ఉన్నాయి.
పాతది అడిగితే పాతదే ఎక్కిస్తాను,
కొత్తది మాత్రం అడక్కుండానే పక్కన వేస్తాను.

నిన్న రాత్రి ఆటో శంకరపాక రాయమల్లు
తిరిగొచ్చి గొడవకు దిగాడు,
"దీంట్ల బాసే లేదు, డబ్బులు వాపస్ ఇయ్యి."
ఇస్తానన్నాను, కార్డు ఇమ్మన్నాను.
జేబు మీద చెయ్యి పెట్టుకుని
కాసేపు నిలబడ్డాడు.
కార్డు ఇవ్వలేదు.