మూడో పేజీ

కేసు షీటు జిరాక్సుల
ఒకటి, రెండు, నాలుగు.
మూడో పేజీ ఏదమ్మా అంటే
కౌంటర్ల పిల్ల స్టాప్లర్ దిక్కు చూసింది.

జరమొచ్చి పోయిన నేను.
మంగళారం, లైట్లేసే యాళ్ల.
సూది తుంటిల దిగంగనే
మడిమె దాక మెరుపు గుంజింది.
"సారూ" అన్న.
"ఏం కాదు, పో" అన్నడు.
తెల్లారి పాదం లేవలే.
నేను గడప దాటిన,
చెప్పు వాకిట్లనే ఉండిపోయింది.

ఇరవై వేలిస్తం, ఏలుముద్రెయ్యమన్నరు.
నాకు సంతకమొస్తదన్న.

నల్లగొండ, వినియోగదారుల కమిషను.
"ఐతగోని జంగయ్యా!" బంట్రోతు కేక.
వాళ్ల వకీలు లేచి
"మునుగోడు దిక్కు నీళ్లండి, ఫ్లోరైడు,
ఎముకలు ముందే వంకర" అన్నడు.
మా అవ్వ నడుం వంచింది ఆ నీళ్లే, నిజం.
దానికి ఎవ్వల మీద కేసెయ్యాల్నో
ఇప్పటికీ ఎరుకలేదు.
నా పాదాన్ని పండవెట్టింది మాత్రం
బిల్లుల రాసున్న సూది,
నూటయాభై రూపాయలు.

డాక్టరు మీద డాక్టరు రాయడన్నరు.
దేవరకొండల ఒక ముసలాయన రాసిండు,
రెండే వాక్యాలు, వణికే అక్షరాలు.

"రోజుకు ఎన్ని చెట్లెక్కేటోనివి?"
మెంబరమ్మ పెన్ను తీసింది.
పొద్దుగాల పన్నెండు, మాపటికి పన్నెండు.
రాసుకుంది.
మోకు మీద ఒరిగి కూసుంటే
వాన ఏ దిక్కు నుంచొస్తదో
ఊరందరికంటే ముందు నాకే తెలిసేది.
అది ఆమె అడగలే, నేను చెప్పలే.

వాయిదా వచ్చే నెలకు.
ఆ పేజీ తెమ్మని ఆర్డరైంది.

బస్సుకు మూడు మెట్లు.
ఆఖరిదాని మీదికి
కాలును చేత్తోని ఎత్తి పెట్టుకున్న.