పదిహేడో వరస

ఎబ్రో ఒడ్డున మొక్కజొన్న సాళ్ల మధ్య
నేలమట్టానికి పాతిన గ్లాసుల్ని పైకి తీస్తున్నాం.
సబ్బునీళ్లలో తేలుతున్న
నిన్న రాత్రి నడకలు.

ఒరోసియా చదువుతుంది, నేను రాస్తాను.
నేలపెంకు పురుగులు పదమూడు.
జెర్రి ఒకటి.
సాలీళ్లు ఆరు, ఒకదాని వీపు మీద ఇంకా పిల్లలు.
"పిల్లల్ని కూడా లెక్కేయాలా?"
మాకిచ్చిన కాగితంలో ఆ ముక్క లేదు.

గట్టు మీంచి ఫెర్మిన్ లాస్కోర్స్ అరుస్తాడు,
ఉత్తరపు గాలి సగం మాటలు మింగేస్తుంది:
"నా విత్తనం ఎవర్నైనా చంపిందా, అమ్మాయిలూ?"
అతనికి నవ్వులాటే.
వాళ్ల నాన్న మందుడబ్బా మోసీ మోసీ
చివరి రోజుల్లో దగ్గుతోనే మాట్లాడేవాడట.
ఇప్పుడు ఆకే మందు. కొరికిన పురుగుకే చావు.
ఫెర్మిన్ చొక్కాచేతి మీద అక్షింతల పురుగొకటి
ఏ పెళ్లిపందిట్లోంచో దారితప్పినట్టు పాకుతోంది.

అబద్ధం ఎందుకు చెప్పాలి?
పక్కచేలో, ఈ చేలో
సాలీళ్ల లెక్క ఇంచుమించు ఒకటే.
మందు కొట్టిన చేలకంటే ఇక్కడే సందడి ఎక్కువ.
ఇదీ రాశాను, పెన్ను నొక్కి మరీ.

రెక్కలున్నవాటికి పసుపు జిగురు అట్టలు.
అక్కడుంది పదిహేడో వరస:
గడ్డిపోచ నడుమున్న కందిరీగ.
కాండం లోపలి పురుగును వాసనతో పసిగట్టి
దాని ఒంట్లో తప్ప
ఇంకెక్కడా గుడ్డు పెట్టడం ఎరగనిది.
దానికెవరూ విషం పెట్టలేదు.
ఆకు అది తినదు. పుప్పొడి దాన్నేం చేయలేదు.
వచ్చింది, తలుపు తట్టింది,
లోపల ఎవరూ లేరు.

మూడేళ్లుగా ఆ గడిలో సున్నా రాస్తున్నాను.
చచ్చినదైతే గ్లాసులో తేలుతుంది.
రానిదాన్ని ఏ గ్లాసు పట్టి చూపిస్తుంది?

చేను చివర, నిబంధన కోసం వదిలిన
మామూలు విత్తనపు సాళ్లు.
ఫెర్మిన్‌కి అవంటే కంపరం, సగం కాండాలు విరిగి వాలాయి.
ఒరోసియా ఒకదాన్ని కత్తితో నిలువునా చీల్చింది.
రంపపు పొట్టు మధ్య
బలిసిన పురుగు, వంటి మీద గాటైనా లేకుండా,
వెలుగు పడ్డా లక్ష్యపెట్టక
నములుతూనే ఉంది.

ఇంకో కాండం చీల్చాం. ఇంకోటి.
పొద్దు నెత్తికెక్కింది.
ఫెర్మిన్ పీచుపండ్లు కోసి పిలిచాడు,
కాగితం ఎగరకుండా రాయి పెట్టి
చేతులు కడుక్కోడానికి కాలవకి దిగాం.