బిళ్ళ పలుకు

ఎర్రనీరు దిగిపోయిన మూడోవారం
భైరవపాలెం ఒడ్డున బోర్లించిన ఫైబరు పడవ.
పొట్టకి ఒక పక్క గోరంత మచ్చ, అంతే.
భద్రాచలం పైనుంచి కొట్టుకొచ్చిన దుంగ
ఒక్కసారి తాకి, ఏమీ ఎరగనట్టు
సముద్రంలోకి వెళ్ళిపోయింది.

బీమా ఆయన ఫోటో తీసుకున్నాడు.
"రంగు లేచింది" అని రాసిచ్చాడు.
పంతాడి రాజులమ్మ ఆ కాగితాన్ని
తిరగేసి చూసి, మడిచి,
రొంటిన దోపుకుంది.

నేను కాకినాడ నుంచి వచ్చాను,
సంచిలో లాప్‌టాప్,
అందులో మూడు రాత్రులు నడిపిన లెక్క.
నిజానికి ఆ లెక్కలో పడవ లేదు.
జానెడు పలక ఉంది, పన్నెండు పొరలు:
గాజునార ఒకటి నిలువు, ఒకటి అడ్డం,
రెండు ఏటవాలు, మళ్ళీ అదే వరస.
అల్లిక లేని చాప. జిగురే నమ్మకం.

పలకని లక్షా ఎనభై వేల గళ్ళుగా కోశాను.
ప్రతి గడికీ ఒక అంకె:
సున్నా అంటే దెబ్బ తగలనట్టు,
ఒకటి అంటే ఇక లేనట్టు.
నా ఉద్యోగమంతా ఆ రెంటి మధ్యే.

తాకగానే నార తెగదు.
మొదట జిగురు చిట్లుతుంది, వెంట్రుకవాసి,
ఎవరికీ వినబడకుండా.
ఆ చీలిక కిందికి దిగి దిగి
రెండు పొరల మధ్య సందు దొరికితే
పక్కకి తిరుగుతుంది,
లాకు ఎత్తాక కాలవ తిరిగినట్టు.
పైపొరకి తెలియదు.
లోపలి వైపు పొరలే ఎక్కువ విడతాయి.
నార తెగడం చిట్టచివర,
అప్పటికి నీళ్ళు పడవలో ఉంటాయి.

తెర మీద ఆ విడిన మేర
వేరుశెనక్కాయలా వచ్చింది,
నడుము సన్నం, రెండు గింజలు.
ఎరుపు వేశాను.

సంగాని పోతురాజు తెర వంక చూళ్ళేదు.
చెవి మీది బీడీ తీసి జేబులో వేసి
అదే జేబులోంచి ఐదు రూపాయల బిళ్ళ తీశాడు.
పడవ మీద కొట్టుకుంటూ పోయాడు:
టంగ్, టంగ్, టంగ్,
టంగ్,
తడ్.
"ఇక్కడండి. ఇడిపోయింది."
మళ్ళీ అటునించి. టంగ్, టంగ్, తడ్.
సుద్దతో చుక్కలు పెట్టాడు.
చుక్కలు కలిపితే
వేరుశెనక్కాయ.

బిళ్ళ నా చేతికిచ్చాడు.
నాకు రెండూ ఒకేలా వినబడ్డాయి.
నాలుగోసారికి, కళ్ళు మూసుకుంటే, తెలిసింది.

కానీ ఒక గింజ వైపు ఆయన కాయ
నా కాయకన్నా రెండు వేళ్ళు పెద్దది.
"ఇటు ఎక్కువొచ్చిందేం?"
"ఆయ్, ఈ పొర ఏసిన్నాడు ముసురండి.
చాపకి చెమ్మెక్కింది. ఆరనిద్దామన్నాను.
ఈవిడగారు అమాస లోపు కావాలన్నారు."
రాజులమ్మ ఇసకలోకి చూసింది.

ముసురుకి నా ఫైలులో గడి లేదు.
అమాసకి లేదు.
గట్టితనం, సాగే గుణం,
పొర విడగొట్టాలంటే చదరపు మీటరుకి ఎన్ని జౌళ్ళు,
అన్నీ పొడి గదిలో కొలిచినవి,
ఏసీ ఇరవైమూడు దగ్గర పెట్టి.

ఆ రాత్రి కాకినాడలో
ఆ రెండు వేళ్ళ మేర జిగురు విలువ సగం చేశాను.
గళ్ళు సన్నం చేస్తే జవాబు మారింది,
ఇంకా సన్నం చేస్తే ఇంకోలా మారింది.
తెల్లారుజామున నాలుగింటికి
తొంభై మూడో అడుగులో లెక్క ఆగిపోయింది.
ఇక కుదరదంది తెర.
అది పలక విరిగినట్టో
నాకు చేతకానట్టో
పదేళ్ళుగా నాకు తేలలేదు.

పోతురాజు మటుకు
ఆ కాయ మేరంతా, ఇంకో బెత్తెడు కలుపుకుని,
గ్రైండరుతో కోసి పారేశాడు.
అంచు ఏటవాలుగా చెక్కి,
ఎండలో ఆరిన చాప, ఐదు పొరలు.
రాజులమ్మ ఈసారి తొందరపెట్టలేదట.
ఫోనులో చెప్పాడు.
పెట్టేసే ముందు ఆగి,
"ఆ బిళ్ళ మీ సంచిలో ఉండిపోయిందండి.
అంపించెయ్యండి. పాతది, మందంది.
కొత్తవి పలకవు."