లైను తీసే ముందు

పొద్దుట్నుంచీ ఊరంతా నన్నొకటే అడుగుతోంది:
"లైనెప్పుడు తీసెత్తావు, డిల్లేసూ?"
తుఫానెప్పుడొస్తుందని ఎవరూ అడగడం లేదు.
అది టీవీ చెప్తోంది,
నిమిషానికోసారి, ఎర్రటి అక్షరాల్లో,
గిర్రున తిరిగే తెల్లటి చక్రం కింద
మా కవిటి మండలాన్ని చుక్కలా పెట్టి
దాని మీద బాణాలు గుచ్చి గుచ్చి.

పిండిమర దగ్గర వరస.
బియ్యం, చోళ్లు, మినుములు,
కరెంటున్నంతసేపే ఆడించుకోవాల.
మర తిప్పే దానేసుకి కనుబొమ్మలు కూడా నెరిసిపోయాయి,
ఒక్క పూటలో ముసిలోడైపోయినట్టు.
మోటార్లు నూతుల్ని తోడేస్తున్నాయి.
డ్రమ్ములు, బిందెలు, పెళ్లినాటి కాగు,
చిల్లున్న బకెట్టు తప్ప అన్నీ నిండాయి.
బృందావతి ఇంట్లో ఒక్క ప్లగ్గుకి పదకొండు ఫోన్లు,
తల్లి కడుపు కింద పందిపిల్లల్లా.

ఎండ కాస్తోంది.
నిజంగానే, మామూలు ఎండ, చేపలెండేటంత.
కొబ్బరాకు కదలడం లేదు.
"అదే నాకు నచ్చనేదు," అంది ఊర్వశమ్మ,
"సూసేవా, కాకి ఒక్కటీ నేదు."

ఆ ఎండలో రెయిన్‌కోటు వేసుకుని దిగాడు టీవీ కుర్రాడు.
సముద్రానికి వీపు పెట్టి, గొట్టం పట్టుకుని
ఊరు వణికిపోతోందని చెప్పాడు.
ఊరప్పుడు చెట్లెక్కి ఉంది.
గెలలు దింపేస్తే మాను తేలికవుతుంది,
తేలికైన మాను వంగుతుంది, విరగదు.
పోయినసారి దింపినా విరిగాయనుకో.
ఊర్వశమ్మవి నూట నలభై.
ఆ ఖాళీలో పెట్టిన మొక్కలు
ఇప్పుడే తొలి గెల వేశాయి.
వాటి జోలికి మాత్రం కత్తి పోనివ్వలేదు.

"అమ్మా, కొంచెం భయపడుతున్నట్టు
అటు సముద్రం వైపు చూడండి."
"పనయ్యాక పడతాను నాయినా, భయం.
ఈలోగా ఆ తాడు కొస ఒట్టుకో."
పట్టుకున్నాడు.
రేకుల మీంచి విసిరి, రాయి కట్టి, బిగించేసరికి
రెయిన్‌కోటు లోపల్నుంచి తడిసిపోయింది.
కెమెరా అదేమీ తీయలేదు.

జోగారావు మావని ఆటో ఎక్కించారు.
రక్తం కడిగించుకోడానికి ఆయన వంతు రేపు.
తుఫాను వంతూ రేపే.
సోంపేటలో నర్సమ్మని కాళ్లావేళ్లా పడితే
ఈ రాత్రికి మంచం దొరికింది.
ఏ చానెల్లోనూ ఆ మంచం వైపు బాణం లేదు.
ఆటో కదిలేముందు నన్ను పిలిచి
"ఆస్పత్రి లైను కూడా నువ్వే తీత్తావేట్రా?" అన్నాడు.
"లేదు మావా, అక్కడ జనరేటరుంది" అన్నాను.
అందులో డీజిలుందో లేదో నాకు తెలీదు.

సాయంత్రానికి ఆకాశం
చేపలు కడిగిన నీళ్ల రంగుకి తిరిగింది.
ఈశాన్యం నుంచి ఒక్క విసురు వచ్చి, తలుపు కొట్టి, వెళ్లిపోయింది.
టీవీలో గంటలు పోయి నిమిషాలొచ్చాయి,
మూలనో గడియారం వెనక్కి నడుస్తోంది.
ముగ్గురు పెద్దమనుషులు చల్లటి గదిలో కూర్చుని
మా ఊరి పేరు తప్పుగా పలుకుతున్నారు.
పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు.
ఊర్వశమ్మ దిద్దులు తీసి
పసుపు డబ్బాలో అడుక్కి నొక్కింది.

టీవీ కుర్రాడు గొట్టం సంచీలో పెట్టేసి
నా పక్కకొచ్చి మెల్లగా అడిగాడు:
"అన్నా, రాత్రికి ఎక్కడుండాలి?"
బడి చూపించాను.
బృందావతి అప్పటికే ఎసట్లో ఇంకో గుప్పెడు పోసింది.

ఆరూ నలభైకి సబ్‌స్టేషన్ నుంచి ఫోను.
"తీసెయ్."
పద్నాలుగో స్తంభానికి మొదట్లో పగులు,
మూడుసార్లు కాగితం రాశాను.
దాన్ని చూట్టానికి ఎవరూ రాలేదు.
తాళం తీసి, గ్లౌజులు తొడిగి
పిడి కిందికి లాగాను.

ఊళ్లో టీవీలన్నిట్లో ఒకటే గొంతు
"మరి కాసేపట్లో మహా ప్రళ..."
అక్కడాగింది.

అప్పుడు వినబడింది సముద్రం.
ఎప్పట్నుంచి మాట్లాడుతోందో.

పిండిమర బెల్టు కాసేపు ఉత్తినే తిరిగి ఊరుకుంది.
చీకట్లోంచి దానేసు కేక:
"ఒరే డిల్లేసూ, ఇంకో రెండు కుంచాలుండిపోనాయిరా!"
ఎవరో నవ్వారు.
నేను నిచ్చెన తెచ్చి
బడి వరండాలో, పడుకునేవాళ్ల పక్కన
గోడకి కట్టేస్తున్నాను,
ఒక ముడి మీద ఇంకో ముడి.
రేపు దీంతోటే పని.