మూడో గడి

గోదావరిఖని గెస్ట్‌హౌస్ రిజిస్టర్ల
పేరు, ఊరు, దేశం: మూడు గడులు.
గడి అంటే మా నాయిన తరానికి దొర ఇల్లు,
చెప్పులు చేత వట్టుకొని దాటేది.
నాకు స్కేలువెట్టి గీసిన నాలుగు గీతలు.
ఇరవై ఆరేండ్ల సంది అండ్ల మనుషులను నింపుతున్న.

బాయిల గాలి కొలిచే ఇంజినీరొచ్చిండు ఆషాఢంల,
గెథిన్ ప్రోబర్ట్.
తెల్లటోడు, ఇంగ్లీషు మాట్లాడుతుండు,
ఇంకేం అడుగుడు?
మూడో గడిల ఇంగ్లండ్ అని రాసిన.
పెన్ను అడిగి తీసుకున్నడు.
కోపం లేదు, పాత అలవాటు లెక్క
నా అక్షరాల మీద ఒక్క గీత కొట్టి
పక్కన వేల్స్ అని రాసిండు.

నాకు తిమింగలాలు యాదికొచ్చినయ్.
ఇంగ్లండ్ల అది ఏ జిల్లా సార్, అన్న.
చాయ్ కప్పు కింద వెట్టిండు.
జిల్లా కాదు.
పాస్‌పోర్టు మీద ఇంకో పేరుంటది,
పెద్ద జెండల మా గీత ఒక్కటి లేదు,
అయినా దేశమే.
అంగీ మీది ఎర్రబల్లిని చూపెట్టిండు.
బల్లి కాదట,
రెక్కలున్నయట.

అయితే మీ భాషల రెండు ముక్కలు మాట్లాడున్రి, ఇంట, అన్న.
జర ఆగిండు.
నాకు రాదు, అన్నడు.
అవ్వకు వచ్చునట.
అవ్వ వాళ్ల తాతను
బడిల ఆ మాట నోట్లెకెళ్లి జారిందని
మెడల చెక్కముక్క ఏలాడదీసిండ్రట.
"భాష రానోనివి ఆ దేశపోనివెట్లయితవని
లండన్ల అడుగుతరు, మా ఊర్లె గూడ అడుగుతరు.
మా బొగ్గుబాయి మూసిండ్రు.
మూసిన తెల్లారి సంది
మా నాయిన దగ్గు ఎవలిది మరి?"

నాకు గుంటూరు కాలేజీ మెదిలింది.
నేను "గట్లనా" అంటే
ఆ మాటను బెంచీకెళ్లి బెంచీకి చేతులు మార్చుకుంట
నవ్విన తరగతి.
ఢిల్లీ ట్రైనింగుల మద్రాసీని.
సినిమాల నా యాస ఎప్పుడూ
తాగినోనికో తన్నులు తినేటోనికో.
నీది నాది ఒక్కటే కథ సార్ అని చెయ్యి చాపిన.
చెయ్యి కలిపిండు గని తల ఊపలే.
"ఒక్కటి కాదేమో. పక్కపక్క బాయిలు.
మీద దుమ్మొక్కటే,
కింద పొరలు వేరు."

పోతపోత చెప్పిండు:
వేల్స్ అన్నది గూడ పక్కోళ్లు పెట్టిన పేరేనట,
పరాయోళ్లని అర్థమట.
తమ నేలల తామే పరాయోళ్లు!
వాళ్లనుకునే పేరు కమ్రి,
తోటోళ్లు అన్న మాటల పుట్టింది.

రొట్టెలు తెచ్చిన సిడాం జైతుబాయి
ఏమంటుండు సారు, అన్నది.
చెప్పిన.
కొంగు నోటికడ్డం వెట్టుకొని నవ్వింది.
"మాకూ అంతే గద.
గోండులన్నది మీరు.
మేం కోయితూర్."

ఆ రాత్రి ఇనుప బీరువా తీసిన.
పదకొండేండ్ల కిందటి ఆమె కాయితం,
కింద వేలిముద్ర, పైన నా గుండ్రటి చేతిరాత.
మాతృభాష గడిల: తెలుగు.
ఆమెను అడిగినట్టు యాదికి లేదు.
అడుగలే.
లైను పెద్దగుంది, లంచ్ టైమయింది,
తెలుగు అని రాసుడు అల్కగుండె.
కొట్టేద్దామంటే ఆఫీసు ముద్ర పడ్డది,
నా దగ్గర ఆ ఇంజినీరు పెన్ను లేదు,
ఉన్నా ఆ చెయ్యి లేదు.

తెల్లారి మొదటి షిఫ్టు సైరన్‌కు
గ్లాసు నీళ్లు తెచ్చి వెట్టింది.
మీ మాటల దీన్ని ఏమంటరు, అన్న.
యేర్, అన్నది.
ఓ, మా ఏరే గద! అని సంబురపడ్డ.
"మీ ఏరు పారేది సారు.
ఇది తాగేది. యేర్."
అన్న. నోరు మళ్ల ఏరు వైపే జారింది.
ఇంకోపారి అను, అన్నది
చెయ్యి నడుముకు వెట్టుకొని.