సముద్రాన్ని కడిగే సీసా

శనివారం నాలుగయ్యేసరికి
నా దుకాణం ముందు బల్ల నిండిపోయేది.
చేపల ఫ్యాక్టరీ కూత ఆగిందో లేదో
వరసగా వచ్చి కూర్చునేవాళ్లు:
ప్రోష్పర్, వాడి బావమరిది బెపో,
నోరు విప్పని యాకోవ్.
వాళ్లకంటే ముందు వాళ్ల వాసన వచ్చేది.
సార్డీన్ నూనె, డీజిలు, తడితాడు,
గోళ్ల సందుల్లో ఇంకా కొన ఊపిరితో ఉన్న ఉప్పు.
తలెత్తకుండానే చెప్పేవాణ్ణి
గుమ్మంలో ఉన్నదెవరో.

దాల్మేషియా తీరాన ఒక చిన్న దీవిలో
మంగలిని నేను.
నలభై ఏళ్లుగా నా పని ఒక్కటే,
మగాళ్ల మీంచి సముద్రాన్ని దించడం.

కత్తి గడ్డాన్నే తీస్తుంది.
సముద్రాన్ని తీసేది అల్మారాలో ఆకుపచ్చ సీసా.
మా నాన్న కలిపేవాడు, ఇప్పుడు నేను.
రెండుసార్లు బట్టీ పెట్టిన ద్రాక్షతొక్కల రాకియా.
గాలివాటు గుట్ట మీది రోజ్‌మేరీ.
మేకలు కొరికి వదిలేసిన సేజ్ మొక్క
కోపంతో మళ్లీ వేసిన చిగురు, దానికే ఘాటెక్కువ.
ఫ్రాంకా పెరట్లో నిమ్మకాయలు
అడిగి నాలుగు, అడక్కుండా రెండు.
ఇక రాతి పగుళ్లలో తుంపర తాగి బతికే మొటార్ ఆకు:
నమిలితే ఉప్పు, వాము,
చివర్న కాస్త కిరసనాయిలు.

బూరా గాలి వీచిన మర్నాడే కోయాలి,
ఆకాశం తోమిన పళ్లెంలా ఉన్నప్పుడు.
యూగో వీచే రోజుల్లో
ఆకు కూడా మనిషిలాగే
చెమ్మగా, చిరాగ్గా ఉంటుంది.

అరచేతిలో నాలుగు చుక్కలు,
చెంప మీద ఒక దెబ్బ.
బెపో పళ్ల సందుల్లోంచి గాలి పీల్చేవాడు.
ఆ మంట ఆరేలోపు
పదేళ్ల వయసు నేలమీద వెంట్రుకల్లో కలిసిపోయేది.

మొన్న మే నెలలో మిలాన్ నుంచి ఒకావిడ వచ్చింది.
ఒర్నెల్లా. సంచీనిండా కాగితపు పుల్లలు.
మగవాళ్ల కోసం సముద్రం కావాలట,
చల్లగా, శుభ్రంగా.
తను చేసిన నీలం సీసా నా ముక్కు కింద పెట్టింది.
పుచ్చకాయ, ఉతికిన దుప్పటి,
వెనకెక్కడో ఒక ఏసీ గది.
బాగుంది, అబద్ధమెందుకు.
కానీ ఆ సముద్రంలో ఎవరూ మునగరు,
ఒక్క చేపా చావదు.

"అమ్మా, డబ్బిచ్చి సముద్రాన్ని పూసుకునేవాళ్లు మీ ఊళ్లో,
డబ్బిచ్చి దాన్ని కడుక్కునేవాళ్లు మా ఊళ్లో" అన్నాను.
నవ్వింది. తర్వాత రాసుకుంది.
అట్టపెట్టె మీద అచ్చేస్తుందేమోనని
ఇప్పటికీ నాకు భయమే.

ఆకుపచ్చ సీసా మూత తీసి చాలాసేపు ఊరుకుంది.
"ఇందులో సముద్రమేదీ?"
లేదన్నాను.
గుట్ట ఉంది.
పడవలోంచి చూసే గుట్ట.

ప్రోష్పర్ చెప్పిన మాటే అది.
ఒక రాత్రి మూడింటికి పొగమంచు, ఇంజన్ చచ్చిపోయింది.
ఏది దక్షిణమో ఏది దేవుడో తెలియని నీళ్లు.
అప్పుడు నేలమీంచి ఒక గాలి దిగింది.
దీపస్తంభం కనబడక ముందే
రోజ్‌మేరీ తగిలింది ముక్కుకి.
"అదిగో ఇల్లు" అని తెడ్డు అటు తిప్పాడు.
అందుకే ఆ సీసాకి డబ్బు తక్కువిచ్చినా
వాడితో గొడవపడను.

ఒర్నెల్లా వెళ్లిపోయింది.
ఉత్తరం రాలేదు, నీలం సీసా మాత్రం
కిటికీలో ఎండకి వెలిసిపోతోంది.
అక్టోబరులో ఫ్యాక్టరీ మూసేశారు.

బల్లమీద ఇప్పుడు ముగ్గురే, ఒక్కోసారి ఇద్దరు.
ముందుగా ఏ వాసనా రాదు.
ఎవరొచ్చారో తెలియాలంటే
తలెత్తి చూడాలి.

నిన్న యాకోవ్‌కి గడ్డం గీసి
అలవాటుగా సీసా వంచాను.
వాడు నా మణికట్టు పట్టుకున్నాడు.
"ఈ వారం వద్దు."
నలభై ఏళ్లలో వాడన్న పెద్ద వాక్యం.
ఎందుకని అడగలేదు.

బిరడా బిగించి
తువ్వాలు దులిపాను.